తగ్గించకుండా ఆపకూడదు

హార్మోన్ల ఆసుపత్రి పై అంతస్తులో, రక్తం తీసే గదికీ మరుగుదొడ్లకీ నడుమ, 'రోగుల అవగాహన విభాగం' అని బోర్డు తగిలించిన గది ఒకటి ఉంది. విభాగమంటే నలుగురైదుగురు ఉంటారనుకుంటాం. అందులో ఉన్నది ఒక మనిషి, ఒక బల్ల, కొన్ని ప్లాస్టిక్ కుర్చీలు, గోడకి ఒక ఫ్యాను. ఆ ఫ్యాను తిరుగుతున్నంతసేపూ అటూ ఇటూ తల ఊపుతుంది. ఫ్యాను సంగతి ఇంత వివరంగా చెప్పడం దేనికంటే, ఆ గదిలో పనంతా తలలు ఊపడం మీదే నడుస్తుంది కనుక.

ఆ ఒక్క మనిషిని అందరూ మాత్రల మాస్టారు అంటారు. ఆయన బడిలో ఎన్నడూ పాఠం చెప్పి ఎరగరు. ఫార్మసీ చదివి, మందుల షాపు కౌంటరు వెనక చాలాకాలం నిలబడి, మాత్రల అట్టలు కత్తిరించి కవర్లో వేసి ఇచ్చేవారు. అప్పట్లోనే అట్ట చేతికిచ్చే ముందు చిన్న ఉపన్యాసం ఇచ్చే అలవాటుండేది. వెనకాల నిలుచున్నవాళ్ళు విసుక్కుని పక్క షాపుకి పోయేవారు. అలా ఒకరోజు విసుక్కోకుండా నిలబడి విన్నది ఈ ఆసుపత్రి డాక్టరమ్మ. ఆవిడకి రోగితో మాట్లాడే తీరిక లేదు. చీటీ మీద కలం కదిలినంతసేపే మాటలు, కలం ఆగితే మాటా ఆగేది. మాట్లాడటం తప్ప మరో వ్యసనం లేని మనిషి ఎదురుగా కనపడేసరికి ఆవిడ ఆలస్యం చెయ్యలేదు.

అలా మాస్టారు విభాగమయ్యారు.

చెప్పాల్సింది తక్కువేమీ కాదు. థైరాయిడ్ మాత్ర ఎప్పుడు వేసుకోవాలి, ఇన్సులిన్ సూది ఎక్కడ పొడుచుకోవాలి, ఎముకల మాత్ర వేసుకున్నాక ఎందుకు పడుకోకూడదు, స్టెరాయిడ్ మాత్రని ఎందుకు ఉన్నపళంగా మానకూడదు. అన్నీ ప్రాణంతో ముడిపడ్డ సంగతులే. అయితే మాస్టారికి సంగతి కన్నా వాక్యం మీద మక్కువ ఎక్కువ. నాలుగు మాటల్లో చెప్పాల్సినదాన్ని నలభై మాటల్లో చెప్పేవాళ్ళని చూశాం. ఈయన నలభై మాటల్లో చెప్పాల్సినదాన్ని నాలుగు మాటలకి కుదించి, దాన్ని రోగి నెత్తిన కిరీటంలా పెట్టి పంపించేవారు. ఇన్సులిన్ వాళ్ళకి "చోటు మార్చు, సూది గుచ్చు." థైరాయిడ్ వాళ్ళకి "పరగడుపే మాత్రకు గెలుపు." ప్రాస కుదిరిన రోజు ఆయన నడకే వేరుగా ఉండేది.

వాటన్నిటికీ తలమానికం మాత్రం స్టెరాయిడ్ వాళ్ళకి చెప్పేది. దానికి ప్రాస లేదు. గాంభీర్యం ఉంది. చూపుడువేలు పైకెత్తి, ఫ్యాను ఒక చివరికి వెళ్ళి వెనక్కి తిరిగేదాకా ఆగి, ఒక్కో మాటా విడదీసి పలికేవారు. "తగ్గించకుండా... ఆపకూడదు." తర్వాత వేలు దించి, "అర్థమైందా?" అనేవారు. గదంతా "ఆఁ" అనేది. ఆ "ఆఁ" వింటే ఆయనకి కడుపు నిండేది. ఇంటికెళ్ళి భోజనానికి కూర్చున్నా ఆకలి ఉండేది కాదని భార్య చాలాసార్లు ఆశ్చర్యపోయింది.

ఆయన మీద భక్తి కుదరని మనిషి ఒకడున్నాడు. ఆయన బావ, అక్క మొగుడు. ఆసుపత్రి వెనక వీధిలో దర్జీ. దుకాణమంటే కుట్టుమిషనూ, ఇస్త్రీ బల్లా, మనిషి పట్టేంత అద్దమూ. విభాగంలో చేరిన కొత్తలో మాస్టారు తెల్లకోటు కుట్టించుకుందామని ఆ అద్దం ముందు నిలబడ్డారు. కొలతలన్నీ సరిగ్గానే తీసుకున్నాడు బావ. తీరా తొడుక్కుంటే భుజాలు మోచేతి వైపు జారాయి, ముందు రెండు పక్కలూ కలిపితే ఇంకో మనిషి లోపలికి దూరొచ్చు.

"పెద్దదైంది బావా."

"కోటు సరిపోయింది. నీ గొప్పకి కూడా కాస్త చోటు వదిలాను," అన్నాడు బావ నోట్లో గుండుసూదులు తియ్యకుండానే.

తగ్గించి ఇమ్మని మాస్టారు అడుగుతూనే ఉన్నారు. రేపు రమ్మని బావ అంటూనే ఉన్నాడు. ఆ కోటులోనే మాస్టారు పాఠాలు చెబుతూ వచ్చారు. వేలు పైకెత్తినప్పుడల్లా చెయ్యి మాయమై, వేలొక్కటే బయటికి కనిపించేది.

ఇలా ఉండగా బావకి చేతుల కీళ్ళు వాచాయి. కత్తెర పట్టలేడు, కాజా కుట్టలేడు, ఆఖరికి తన చొక్కా గుండీ తను పెట్టుకోలేడు. కీళ్ళ వైద్యుడు స్టెరాయిడ్ మాత్రలు రాశాడు. కొన్నాళ్ళకి వేళ్ళు వంగాయి గానీ సుగరు పెరిగింది. దాంతో బావ కేసు డాక్టరమ్మ దగ్గరికి వచ్చిపడింది. ఆవిడ కలం కదుపుతూ, చాలాకాలంగా వేసుకుంటున్నారు కాబట్టి ఇది ఒక్కసారిగా మానితే మనిషి కుప్పకూలతాడని, ప్రాణం మీదకి కూడా రావచ్చని, తనే మెల్లమెల్లగా తగ్గిస్తూ వస్తానని చెప్పి, మిగతాది పైన మాస్టారు చెబుతారంది. కలం ఆగింది.

బావ ఆ మాటలు వింటూ గోడ మీది బల్లిని చూస్తున్నాడు. అక్క మాత్రం విన్నది. విని తిన్నగా తమ్ముడి దగ్గరికి మెట్లెక్కింది.

"ఒరేయ్, మీ బావ ఎవరి మాటా వినే రకం కాదు. నా మాట వినడని పెళ్ళైన నాడే తెలిసింది. అందుకని నీకు అప్పజెబుతున్నా. ఆ మాత్ర సంగతి ఆయన బుర్రకెక్కేదాకా చెప్పు. ఏమన్నా తేడా వచ్చిందంటే నిన్నే అడుగుతా."

మాస్టారు కోటు సవరించుకుని, నా చేతిలో పెట్టాక ఇంక మర్చిపో అక్కా అన్నారు.

అసలు సంగతి మాస్టారికి క్షుణ్ణంగా తెలుసు. మూత్రపిండాల నెత్తిన చెరో టోపీలా రెండు గ్రంథులుంటాయి. ఒంటికి రోజూ కావాల్సిన స్టెరాయిడ్ సరుకు తయారుచేసేవి అవే. బయటి నుంచి మాత్ర రూపంలో సరుకు దిగుతుంటే, మనతో పనేముందిలెమ్మని అవి షట్టరు దించి పడుకుంటాయి. మాత్ర ఠక్కున ఆగితే వెంటనే లేవలేవు. అవి కళ్ళు నులుముకుని లేచేలోపు ఒంట్లో సరుకు ఉండదు. నెత్తురు పోటు పడిపోతుంది, వాంతులవుతాయి, మనిషి పడిపోతాడు. అందుకని మాత్రని కొంచెం కొంచెం తగ్గిస్తూ వాటిని నిద్రలేపుకుంటూ రావాలి. ఇంతే. దుకాణం, సరుకు, షట్టరు. ఏ దర్జీకైనా బోధపడే సంగతి. కానీ మాస్టారు ఈ వివరణని ఆసుపత్రికి అప్పుడప్పుడూ వచ్చే నర్సింగు విద్యార్థినుల కోసం దాచిపెట్టుకున్నారు. రోగులకి వాక్యం చాలు.

బావ ముందు వరసలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. మాస్టారు వేలెత్తారు. ఫ్యాను అటు తిరిగి ఇటు వచ్చింది.

"తగ్గించకుండా... ఆపకూడదు. అర్థమైందా?"

గదంతా "ఆఁ" అంది. బావ గొంతు అందరికన్నా పైన వినిపించింది. పైగా లేచి, ఇంత చిన్న మాటకి ఇంత పెద్ద కోటు అవసరమా అని పక్కవాళ్ళని అడిగాడు. వాళ్ళు నవ్వారు. మాస్టారు నొచ్చుకున్నా, బావ చేత "ఆఁ" అనిపించిన ఘనత ముందు అదొక లెక్క కాదనుకున్నారు. ఆ సాయంత్రమే అక్కకి కబురు పెట్టారు, బావకి ఎక్కింది, నిశ్చింతగా ఉండమని. మర్నాటి నుంచి అక్క ఎప్పుడడిగినా బావ ఒకే జవాబు చెప్పేవాడు: మీ తమ్ముడు చెప్పినట్టే చేస్తున్నా. మాత్రలు దుకాణంలో పెట్టుకున్నాడు కాబట్టి అక్కకి చూసే వీలు లేదు. తమ్ముడి మీద నమ్మకం ఉంది కాబట్టి చూడాలనీ అనిపించలేదు.

ఈలోగా మాస్టారి కీర్తి గోడలెక్కింది. ఆయన వాక్యాలని పెద్ద అక్షరాలతో బోర్డులు చేయించి గదిలో తగిలించాలని యాజమాన్యం నిర్ణయించింది. మొదటి బోర్డు ఏది అన్న ప్రశ్నకి మాస్టారు ఆలోచిస్తున్నట్టు కాసేపు కళ్ళు మూసుకుని, ముందురోజే అనుకున్న జవాబు చెప్పారు. నీలిరంగు మీద పసుపు అక్షరాలతో 'తగ్గించకుండా ఆపకూడదు' వచ్చింది. కింద చిన్న అక్షరాల్లో ఆయన పేరు వేస్తామంటే వద్దన్నారు. మళ్ళీ అడుగుతారనుకున్నారు. అడగలేదు.

బోర్డు ఎక్కించిన రోజు డాక్టరమ్మ మొట్టమొదటిసారి పాఠం వినడానికి పైకి వచ్చింది. కుర్చీలన్నీ నిండాయి. మాస్టారు గొంతు సవరించుకున్నారు, వేలెత్తారు. ఫ్యాను ఇంకా తిరిగి రాలేదు. మెట్ల మీంచి అక్క వచ్చింది, ఆటోడ్రైవరు సాయంతో బావని చంకల కింద పట్టుకుని. బావ మొహం తెల్లబట్టలా పాలిపోయి ఉంది. నిన్నటి నుంచి వాంతులట, బయటి తిండి పడలేదేమో అనుకున్నారట, ఇందాక దుకాణంలో లేచి నిలబడి మిషను మీదకే ఒరిగిపోయాడట. ఈ మాటలు అక్క పూర్తి చేసేలోపే బావ మోకాళ్ళు మడతపడ్డాయి. సరిగ్గా బోర్డు కిందే పడ్డాడు.

మాస్టారి వేలు ఇంకా పైనే ఉంది. దించాలని ఆయనకి తట్టలేదు.

డాక్టరమ్మ వంగి నాడి చూసింది, పట్టీ చుట్టి నెత్తురు పోటు చూసింది, అక్కని ఒకే ఒక్క మాట అడిగింది: స్టెరాయిడ్ మాత్ర వేసుకుంటున్నారా అని. వేసుకుంటున్నారనే అక్క అంది. డాక్టరమ్మ తల అడ్డంగా ఊపి, ఉన్నచోటే స్టెరాయిడ్ ఇంజెక్షను చేయించి, స్ట్రెచరు మీద కిందికి తీసుకెళ్ళి సెలైను ఎక్కించింది. ఇంకాస్త ఆలస్యమైతే మన చేతుల్లో ఉండేది కాదని నర్సుతో అంటున్నప్పుడు అక్క పక్కనే ఉంది. మాస్టారు గుమ్మం దగ్గర, లోపలికి రావాలో వద్దో తెలియక, కోటు గుండీలు పెట్టుకుంటూ తీసుకుంటూ ఉన్నారు.

సాయంత్రానికి బావ కళ్ళు తెరిచాడు. మంచినీళ్ళడిగాడు. తర్వాత బావమరిది ఎక్కడున్నాడని అడిగాడు. గొంతులో ప్రేమేమీ లేదు.

"మాత్ర ఎందుకు మానేశారు?" అంది డాక్టరమ్మ.

"తగ్గింది కదమ్మా," అని బావ పదివేళ్ళూ ఆడించి చూపించాడు. "పోయినవారం కాజాలు కూడా కుట్టా."

"మానకూడదని మాస్టారు చెప్పలేదా?"

"చెప్పాడు. ఆయన చెప్పబట్టే మానేశా."

మాస్టారు ఒంటికాలి మీద లేచారు. తను చెప్పింది తగ్గించకుండా ఆపకూడదని. తగ్గకుండా అని కాదు. పాఠం చెబుతుంటే కోటు మీద జోకులేసుకుంటూ కూర్చుంటే ఇలాగే వినిపిస్తుంది. తప్పు వినడం నీది, మాట పడటం నాదా అని గుక్క తిప్పుకోకుండా అడిగారు.

బావ సెలైను చెయ్యి కదలకుండా, రెండో చెయ్యి ఎత్తి ఆపాడు.

"నాకేం చెవుడు లేదోయ్. నువ్వు తగ్గించకుండా అనే అన్నావు. మందు వాపుని తగ్గించకుండా ఆపకూడదు. అవునా? నేను ఆపలేదు. తగ్గించింది, ఆపాను. ఇందులో నేను జవదాటిన మాటేదో చెప్పు."

మాస్టారు తన వాక్యాన్ని లోపల ఒకసారి చెప్పుకున్నారు. మళ్ళీ చెప్పుకున్నారు. అది ఇన్నాళ్ళూ ఆయన వైపు తిరిగి సలాం కొట్టిన వాక్యమే. ఇప్పుడు అటు తిరిగి బావకి సలాం కొడుతోంది. ఎవరు ఎవరిని తగ్గించాలో, ఏది దేన్ని తగ్గించాలో అందులో ఎక్కడా లేదు.

"అర్థమైందా అని అడిగాను కదా బావా," అన్నారు చివరికి. గొంతు కోటులోకి జారిపోయింది.

"అర్థమైంది అన్నాను కదా. ఏం అర్థమైందని నువ్వడగలేదు."

మంచం అవతలి వైపు నుంచి అక్క తమ్ముడిని నింపాదిగా చూసింది. అరిచి ఉంటే బాగుండునని మాస్టారికి అనిపించింది.

"నీకు మనిషిని అప్పజెప్పాను రా. నువ్వు పాఠం అప్పజెప్పి వచ్చేశావు," అంది.

డాక్టరమ్మ అక్కడితో వదల్లేదు. మర్నాడు పైకి వెళ్ళి, పాఠానికి వచ్చినవాళ్ళకి బోర్డు చూపించి, దీనర్థం ఏమిటని వరసగా అడిగింది. జబ్బు తగ్గేదాకా మందు ఆపొద్దని మొదటి వరస అంది. రెండో వరస కూడా అదే అంది, కాస్త గట్టిగా. కిటికీ పక్కన కూర్చున్న ముసలాయన మాత్రం చాలాసేపు చదివి, ఎవరినీ తగ్గించి మాట్లాడకూడదని రాశారు, మంచి మాట అన్నాడు. ఆ బోర్డుకి ఆమోదం తెలుపుతూ సంతకం పెట్టింది తనేనని డాక్టరమ్మకి గుర్తుంది. ఆ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు. పెద్దలకి అంతమాత్రం మర్యాద ఉండాలి. బోర్డు దింపించింది. మాస్టారిని పిలిచి, ఇవ్వాళ్టి నుంచి మీ నోట 'అర్థమైందా' అన్న మాట రాకూడదు, ఇంటికెళ్ళి ఏం చేస్తారో వాళ్ళ చేతే చెప్పించండి, నేను వెనకాల కూర్చుంటా అంది.

ఆ పూట మాస్టారికి జరిగింది శత్రువుకి కూడా జరగకూడదు. ఇన్నాళ్ళూ ఆయన కూడబెట్టుకున్న "ఆఁ"లన్నీ ఒక్కొక్కటే లేచి నిలబడి నోరు విప్పాయి.

థైరాయిడ్ మాత్ర వేసుకునే బ్యాంకు ఆవిడ, పరగడుపునే వేసుకుంటున్నానంది, కాఫీతో. మాస్టారు కాఫీతో పరగడుపు ఎలా అవుతుందని అడిగితే, తినలేదు కదా, తాగానంతే అని విడ్డూరంగా చూసింది. వారానికోసారి ఎముకల మాత్ర వేసుకునే పెద్దావిడ, నిద్రలేచీ లేవకముందే వేసుకుని, కడుపులో కదలకుండా మళ్ళీ పడుకుంటున్నానని గర్వంగా చెప్పింది. గొంతు దగ్గర మంట ఎందుకొస్తోందో మాత్రం తెలియడం లేదంది. ఇన్సులిన్ చల్లగా ఉండాలన్నారని ఒకాయన దాన్ని ఐసు గడ్డల మధ్య పెట్టాడు. రాయిలా అయ్యాక అరచేతుల్లో కరిగించుకుని పొడుచుకుంటున్నాడు.

వీటన్నిటినీ మాస్టారు తట్టుకున్నారు. తట్టుకోలేనిది చివర్న వచ్చింది. ఇంకో ముసలాయన లేచి, అయ్యా మీరు చోటు మార్చమన్నారు, మారుస్తూనే ఉన్నాను, కానీ ఇక నా వల్ల కాదన్నాడు. ఏమిటి కానిదంటే, మొదట్లో వరండాలో కూర్చుని పొడుచుకున్నాడట. తర్వాత వంటింట్లో. తర్వాత పడగ్గదిలో. ఇంట్లో గదులన్నీ అయిపోయాయట. మేడ మీదకెక్కడానికి మోకాళ్ళు సహకరించడం లేదట. పొట్ట మీద మాత్రం మొదటిరోజు పొడిచిన చోటే పొడుస్తున్నాడు. అక్కడ ఉసిరికాయంత గడ్డ కట్టింది.

వెనక కుర్చీలో డాక్టరమ్మ కలం కదలడం లేదు. మాస్టారు ముసలాయన చొక్కా పైకెత్తి, ఆ గడ్డని వేలితో తాకి చూశారు. ఆ వేలు పైకెత్తడానికి తప్ప ఇంకో పనికి వాడటం అదే మొదలు. పొట్ట మీద అక్కడికి దూరంగా ఒక చోట చూపించి, రేపు ఇక్కడ, ఎల్లుండి ఇక్కడ, గడ్డ మీద మాత్రం వద్దు, గది ఏదైనా పర్లేదు అన్నారు. అని, అలవాటు కొద్దీ "అర్థ..." అని ఆగి, రేపు ఎక్కడ పొడుచుకుంటారో వేలు పెట్టి చూపించండన్నారు. ముసలాయన చూపించాడు. తప్పు చూపించాడు. మళ్ళీ చెప్పారు. ఆ పూట ముగ్గురికి చెప్పేసరికే భోజనాల వేళ దాటింది. ఇంటికెళ్ళి ఆయన ఆవురావురుమంటూ తింటుంటే భార్య మళ్ళీ ఆశ్చర్యపోయింది.

బావ ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాడు. మాత్ర మళ్ళీ మొదలైంది. అక్క తమ్ముడితో మాట్లాడటం ఇంకా మొదలవలేదు. ఇంటికొస్తే అన్నం పెట్టేది, మంచినీళ్ళు పెట్టేది, మాట మాత్రం పెట్టేది కాదు. మాస్టారు రోజూ పని దిగాక దుకాణానికి వెళ్ళి, ఇస్త్రీ బల్ల పక్కన స్టూలు మీద కూర్చునేవారు.

"చెప్పు బావా. ఏం చేస్తావు?"

"పొద్దున్నే టిఫినయ్యాక వేసుకుంటా."

"చేతులు బాగున్నాయనుకో?"

"పట్టుగుడ్డకి కాజాలు కుట్టేంత బాగున్నా వేసుకుంటా. తగ్గించేది డాక్టరమ్మ. నేను కాదు, నువ్వు కాదు."

"జ్వరమొస్తే?"

"మానను. ఆవిడకి ఫోన్ చేస్తా, ఎక్కువ వేసుకోమంటుంది."

"వాంతై మాత్ర కడుపులో నిలవకపోతే?"

బావ కత్తెర పక్కన పెట్టాడు.

"అప్పుడు ఫోను కాదు. ఆసుపత్రికే. వచ్చి, స్టెరాయిడ్ మనిషినని ముందే చెబుతా. నువ్వు మొన్న చెప్పావే, మూత్రపిండాల మీది టోపీలు, అవి రెండూ ఇంకా నిద్ర లేవలేదని చెబుతా."

దుకాణం గుమ్మంలో అక్క కాఫీ గ్లాసుతో నిలబడి ఉంది. విన్నది. గ్లాసు తెచ్చి తమ్ముడి పక్కన పెట్టి, "తాగరా" అంది. మాస్టారు తలొంచుకుని తాగారు.

గ్లాసు కింద పెట్టాక, ఆయన కోటు విప్పి బల్ల మీద పరిచారు. ఇంక చాలు, తగ్గించి ఇచ్చెయ్ బావా అన్నారు. బావ టేపు తీసి, భుజం నుంచి భుజానికి కొలిచి, సుద్దతో గీత గీశాడు. మాస్టారు అనుకున్న చోట కాదు, చాలా బయటికి.

"ఇంతేనా? ఇంకా లోపలికి తియ్యి."

"ఒక్కసారిగా తియ్యను. నీ గొప్పకి వదిలిన చోటు ఇది. ఇన్నాళ్ళూ అందులో బతికినవాడివి, ఠక్కున తీసేస్తే కళ్ళు తిరిగి మిషను మీద పడతావు. ఈ నెల కొంచెం తగ్గిస్తా. మళ్ళీ వచ్చే నెల రావాలి. ఈలోపు ఇంకో దర్జీ దగ్గరికెళ్ళి మొత్తం తీయించుకోకూడదు. అర్థమైందా?"

"ఆఁ," అన్నారు మాస్టారు.

"ఏం అర్థమైందో చెప్పు."

మాస్టారు చెప్పారు. మొదటిసారి తప్పు చెప్పారు. రెండోసారి చెప్పించాక గానీ బావ కత్తెర అందుకోలేదు.